హెసరఘట్ట గడ్డిలో ఒక కార్తీక శనివారం

బెంగళూరుకు వాయవ్యాన ఉన్న హెసరఘట్టను చాలామంది చెరువుగానే ఎరుగుదురు. నందికొండల్లో పుట్టిన అర్కావతి నదికి అడ్డంగా 1894లో కట్టిన ఆ జలాశయం ఒకప్పుడు నగరానికి మంచినీళ్ళిచ్చింది. చెరువును ఆనుకొని వేల ఎకరాల గడ్డిమైదానం ఉందనీ, పాలపిట్టలూ లార్కు పిట్టలూ, చలికాలంలో మధ్య ఆసియా నుంచి దిగివచ్చే పిల్లిగద్దలూ దాన్ని నమ్ముకొనే బతుకుతున్నాయనీ తెలిసినవారు తక్కువ. కార్తీకం దాటిపోకముందే అక్కడ ఒక రోజంతా గడపాలని నేనూ నా స్నేహితురాలూ చాలాకాలంగా అనుకుంటున్నాము. ఆమె అనంతపురంలో డిగ్రీ విద్యార్థులకు వృక్షశాస్త్రం బోధించి, ఉద్యోగ విరమణ తరువాత కొడుకు దగ్గర యలహంకలో ఉంటున్నది. నాకు పక్షుల మీద మక్కువ, ఆమెకు సీతాకోకచిలుకల మీద. సీతాకోకచిలుకను చూడాలంటే ముందు దాని గొంగళిపురుగు తినే ఆకు ఎక్కడుందో చూసుకోవాలన్నది ఆమె పద్ధతి. ఆ పద్ధతి పక్షులకు కూడా ఎంత బాగా వర్తిస్తుందో ఈ ప్రయాణంలో నాకు తెలిసింది.

నవంబరు 15, శనివారం: తెల్లవారుజామున మైదానంలో

మేము మైదానం అంచుకు చేరేసరికి సూర్యుడు ఇంకా పైకి రాలేదు. మోకాలెత్తు గడ్డి అంతా మంచుకు తడిసి ఉండడంతో పది అడుగులు వేయకముందే పాదాలు మడమల దాకా తడిసిపోయాయి. కొద్ది దూరంలో తీతువులు రెండు మమ్మల్ని చూసి అరిచి, ఎగిరి, మళ్ళీ అక్కడే దిగాయి. ఇంతలో ముళ్ళపొద కొమ్మ మీద నుంచి సన్నని లోహపు ఈల వంటి కూత వినిపించింది. అది జెర్డన్ బుష్‌లార్క్ అనే గోధుమరంగు చిన్న పిట్ట. నేల రంగులో ఇట్టే కలిసిపోయే ఆ పిట్ట కూయకపోతే మాకు కనిపించేదే కాదు.

దాని పేరులోని జెర్డన్ తెలుగువారికి కొత్తవాడేమీ కాదు. పందొమ్మిదో శతాబ్దంలో నెల్లూరులో సర్జనుగా పనిచేసిన ఆ దొర మన పల్లెల్లో వేటగాళ్ళను అడిగి పక్షుల తెలుగు పేర్లను తన పుస్తకాల్లోకి ఎక్కించాడు. కలివికోడిని శాస్త్రలోకానికి పరిచయం చేసినవాడూ ఆయనే. ఆ కలివికోడి అంతరించిపోయిందని అందరూ అనుకున్న ఎన్నో దశాబ్దాల తరువాత 1986లో కడప జిల్లాలోని ముళ్ళపొదల నేలలో తిరిగి కనిపించింది. పెద్ద చెట్లు లేని నేలను మనం ఉత్త బీడుగా చూస్తాము గనుకనే అటువంటి పక్షులు మన కళ్ళెదుటే కనుమరుగవుతాయని నా స్నేహితురాలు ఆవేదనతో అన్నది. బట్టమేకపిట్ట కోసం 1988లో అభయారణ్యంగా ప్రకటించిన కర్నూలు వైపు రోళ్ళపాడు కూడా గడ్డినేలే. ఇక్కడ ఈ హెసరఘట్టలో సైతం 2011లో నేలనెమలి కనబడితే నగరంలోని పక్షి ప్రేమికులందరూ ఉత్సాహంగా తరలివచ్చారు. అది ఎత్తయిన గడ్డి ఉన్నచోటనే తలదాచుకునే పక్షి.

ఎండ పొడ తగలగానే కరెంటు తీగ మీద పాలపిట్ట వచ్చి వాలింది. నా స్నేహితురాలు దుర్భిణి కిందికి దించి, దసరానాడు చేసినట్టే చేతులు జోడించింది. తెలంగాణకూ కర్ణాటకకూ కూడా రాష్ట్రపక్షి ఇదే. కూర్చున్నంతసేపూ మట్టిరంగు పిట్టగా కనిపించి, రెక్క విప్పగానే లేత నీలం, ముదురు నీలం పట్టీలతో మెరిసిపోవడం దాని ప్రత్యేకత. ఈకలో నీలపు వర్ణపదార్థం ఏమీ ఉండదనీ, ఈకలోని అతి సూక్ష్మమైన నిర్మాణం మీద వెలుతురు చెదరడం వల్ల మన కంటికి నీలంగా తోస్తుందనీ చదివి ఉన్నాను గాని, ఆ పక్షి మిడత కోసం నేల మీదికి దూకి తిరిగి తీగ మీదికి ఎగిరిన క్షణంలో ఆ సంగతి నమ్మబుద్ధి కాలేదు.

పిల్లిగద్ద ఆ తరువాత వచ్చింది. గడ్డి చివళ్ళకు బారెడు ఎత్తులో, రెక్కలను కొద్దిగా పైకెత్తి పట్టుకొని, అటూ ఇటూ ఒరుగుతూ, మైదానాన్ని ఒక చివర నుంచి మరో చివర దాకా జల్లెడపట్టినట్టు వెతుక్కుంటూ పోయింది. తోక మొదట్లో తెల్లని పట్టీ ఉన్న గోధుమరంగు పక్షి కావడంతో అది ఆడదో పిల్లదో అయి ఉండాలి. మాంటేగ్యూ జాతిదా పాలిడ్ జాతిదా అన్నది అంత దూరం నుంచి తేల్చడం కష్టం. మన దేశానికి వచ్చిన ఈ గద్దలకు మిడతలు ముఖ్యమైన ఆహారం. మిడతలకు గడ్డి ఆహారం. మా స్నేహితురాలి లెక్క ప్రకారం చూస్తే గద్దను వెతకడానికి కూడా మొదట గడ్డినే చూడాలి.

హెసరఘట్ట ఊళ్ళో ఫలహారం

ఎనిమిదిన్నరకు ఊళ్ళోకి వెళ్ళి, బస్టాండు దగ్గర రేకుల కప్పు కింద నడుస్తున్న చిన్న హోటల్లో కూర్చున్నాము. పళ్ళెమంత వెడల్పున్న తట్టె ఇడ్లీ ఒక్కొక్కటి 25 రూపాయలు, ఉద్దివడ 20, కాఫీ 15. ఇడ్లీ మీద వెన్నముద్ద వేసి, పచ్చిమిరపకాయ కారం ఘాటుగా తగిలే కొబ్బరి చట్నీ పోశారు. మా మాటలు విని యజమానురాలు పొయ్యి దగ్గర నుంచే తెలుగులో పలకరించింది.

"ఆంధ్రా తట్టు వాళ్ళా అక్కా? మాది హిందూపురం దగ్గర. పెండ్లయినాక ఈడికి వస్తిమి."

దొడ్డబళ్ళాపురం దాటితే హిందూపురం ఎంతో దూరం కాదు గనుక ఈ ప్రాంతంలో తెలుగు వినబడడం వింత కాదు. అయినా ఆ మాట విన్నాక నా స్నేహితురాలు రెండో కాఫీ తాగకుండా లేవలేదు. ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు ఒక పొట్లం 20 రూపాయలకు తీసుకున్నాము. బెంగళూరు బసవనగుడిలో కడలెకాయి పరిషె అనే వేరుశెనక్కాయల జాతర జరిగే రోజులు కావడంతో ఎక్కడ చూసినా వేరుశెనక్కాయల వాసనే. డబ్బు ఇవ్వబోతే ఆమె "సాయంత్రం పొయ్యేటప్పుడు ఇయ్యండి, మళ్ళా కాఫీకి వస్తారు గదా" అన్నది. సాయంత్రం వెళ్ళి తాగి, రెండు పూటలకూ కలిపి ఇచ్చాము.

ద్రాక్షతోట వైపు తప్పిన దారి

చెరువు వెనుక భాగానికి వెళ్ళాలని ఫోనులో మ్యాపు పెట్టుకొని బయలుదేరితే, అది మమ్మల్ని ఒక మట్టిదారిలో తిప్పి తిప్పి ఒక ద్రాక్షతోట గేటు ముందు నిలబెట్టింది. ఇటువైపు పల్లెల్లో బెంగళూరు బ్లూ అనే నల్లద్రాక్ష పందిళ్ళు చాలాచోట్ల కనిపిస్తాయి. వెనక్కి మళ్ళబోతుంటే నా స్నేహితురాలు నా చెయ్యి పట్టి ఆపింది. తోట కంచె పొడుగునా జిల్లేడు పొదలున్నాయి, కాలువ గట్టున గంగవావిలి కూర చాపలా అల్లుకొని ఉంది, బావి పక్కన కరివేపాకు చెట్టు గుబురుగా పెరిగి ఉంది. ఆమెకు ఆ మూడు మొక్కలు చాలు.

తొమ్మిదిన్నర దాటి ఎండ చురుక్కుమంటున్న వేళ అది. ఒళ్ళు వెచ్చబడనిదే సీతాకోకచిలుకలు సరిగా ఎగరలేవు కాబట్టి వాటిని చూడడానికి అదే మంచి సమయం. జిల్లేడు మీద నారింజ రంగు రెక్కలకు నల్లని అంచు, ఆ అంచులో తెల్లని చుక్కలు ఉన్న ప్లెయిన్ టైగర్ తీరికగా తిరుగుతోంది. దాని గొంగళిపురుగు జిల్లేడు ఆకు తిని, ఆ పాలలోని విషాన్ని తన ఒంట్లో దాచుకుంటుంది. ఒకసారి దాన్ని నోట కరుచుకొని కక్కుకున్న పక్షి మళ్ళీ ఆ రంగు జోలికి పోదు. అందుకే అది ఎవరికీ భయపడనట్టు నెమ్మదిగా ఎగురుతుంది.

కాలువ గట్టు మీద అచ్చం అటువంటిదే ఇంకొకటి కనిపించింది. నేను దాన్ని కూడా ప్లెయిన్ టైగర్ అని రాసుకుంటూ ఉంటే, "దాని కాళ్ళ కింద ఉన్న ఆకు చూడు" అన్నది ఆమె. అది గంగవావిలి ఆకును తడిమి తడిమి చూసి, పొత్తికడుపు వంచి గుడ్డు పెట్టింది. ప్లెయిన్ టైగర్ గంగవావిలి మీద గుడ్డు పెట్టదు. ఇది డానాయిడ్ ఎగ్‌ఫ్లై ఆడది. తనలో ఏ విషమూ లేకపోయినా విషమున్నదాని వేషం వేసుకొని పక్షుల నుంచి తప్పించుకుంటుంది. మగదానికి ఆ వేషం లేదు. నల్లని రెక్కల మీద ఊదారంగు మెరిసే అంచుతో తెల్లని మచ్చలుంటాయి. కొంతసేపటికి అదీ వచ్చి, పక్కనున్న రాయి మీద తన హద్దు కాచుకుంటూ కూర్చుంది. మన ఇళ్ళల్లో పప్పులో వేసుకునే ఆకుకూర మీద ఇంత వింత జీవి బతుకుతుందని నాకు అంతకుముందు తెలియదు. ఆమె మాత్రం అనంతపురంలో పెరట్లో కూర కోసేటప్పుడు ప్రతి కాడనూ తిప్పి చూసేదట.

తోటలోని ఇంటి ఇల్లాలు మమ్మల్ని గమనించి బయటికి వచ్చింది. ముందు కన్నడంలో, తరువాత సగం తెలుగులో మాట్లాడింది. పేడతో అలికి ముగ్గు పెట్టిన వాకిలి కాబట్టి చెప్పులు గేటు దగ్గరే విడిచి లోపలికి వెళ్ళాము. కరివేపాకు చెట్టు చూస్తామంటే ఆమె ఆశ్చర్యపోలేదు. "పురుగులున్న కొమ్మ నేను కోయను, అది వాటికి విడిచిపెడతాను" అని మాకే చూపించింది. లేత ఆకుల మీద రెండు చిన్న పురుగులు పక్షి రెట్ట పడినట్టు నల్లగా, తెల్లగా ఉన్నాయి. పెరిగాక అవే ఆకుపచ్చగా మారతాయి. నా స్నేహితురాలు గడ్డిపరకతో తాకితే ఒకటి తల వెనుక నుంచి రెండు చీలికల మెత్తని కొమ్మును బయటపెట్టి ఘాటైన వాసన వదిలింది. కామన్ మార్మన్‌దో, లైమ్ బటర్‌ఫ్లైదో ఆ వయసులో చెప్పడం కష్టం. రెండూ కరివేపాకు, నిమ్మ, మారేడు కుటుంబం మొక్కలనే తింటాయి. ఆ ఇల్లాలు చెరో గ్లాసు మజ్జిగ ఇచ్చేదాకా మమ్మల్ని కదలనివ్వలేదు. అల్లం, కొత్తిమీర దంచి వేసిన చిక్కని మజ్జిగ అది. ఎంత చెప్పినా డబ్బు తీసుకోకపోతే వేరుశెనక్కాయల పొట్లం ఆమె చేతిలో పెట్టి వచ్చాము.

కానుగ చెట్టు కింద వనభోజనం

కార్తీకంలో వనభోజనానికి ఉసిరిచెట్టు ఉండాలంటారు. చెరువు వెనుక మాకు దొరికింది పెద్ద కానుగ చెట్టు. ఉసిరికి బదులు డబ్బాలో ఉసిరికాయ పచ్చడి ఉంది గనుక లోటు తీరిందని మా స్నేహితురాలు తేల్చింది. పులిహోర, దద్దోజనం, వేయించిన ఊరమిరపకాయలు విస్తళ్ళలో పెట్టుకొని తిన్నాము. తిన్నంతసేపూ ఆమె తల ఎత్తి కానుగ ఆకుల అడుగుభాగాలనే చూస్తూ ఉంది.

చెట్టుకు కొంచెం దూరంలో గిలకకాయల మొక్కలు ఎండి ఉన్నాయి. వాటి మీద బ్లూ టైగర్, కామన్ క్రో అనే సీతాకోకచిలుకలు గుంపుగా వాలాయి. ఆ మొక్కకు అప్పుడు పూలే లేవు. ఎండుతున్న ఆకులను కాలిగోళ్ళతో గీకి, ఊరిన రసాన్ని తొండంతో పీల్చుకుంటున్నాయి. ఆ రసంలోని చేదు పదార్థాల నుంచే మగవి ఆడవాటిని ఆకర్షించే వాసనను తయారుచేసుకుంటాయని ఆమె వివరించింది. ఈ జాతులు వేసవి చివర పడమటి కనుమల నుంచి తూర్పు మైదానాల వైపూ, తిరిగి అక్టోబరు, నవంబరు నెలల్లో కనుమల వైపూ గుంపులుగా ప్రయాణిస్తాయి. మేము చూసినవి ఆ దారిలో దిగినవే కావచ్చు. రోడ్డు పక్క కలుపు అని పీకి పారేసే ఆ మొక్క వాటికి మధ్యలో మజిలీ.

తడిమట్టి మీద చిన్న గ్రాస్ బ్లూ సీతాకోకచిలుకలు ముద్దగా వాలి ఉప్పు పీల్చుకోవడం, గడ్డిచామంతి పూల మీద పసుపు, నీలి ప్యాన్సీలు, తెల్లజుమికి తీగ దగ్గర టానీ కోస్టర్లు, ఈతచెట్టు మట్టలకు వేలాడుతున్న గిజిగాళ్ళ ఖాళీ గూళ్ళు, ముళ్ళకంచె మీద ష్రైక్ పిట్ట గుచ్చిపెట్టిన మిడత: మధ్యాహ్నం ఇలా గడిచింది. ఎండ తీవ్రంగా ఉన్న రెండు గంటలూ పక్షులూ మేమూ కూడా నీడ పట్టున ఉండిపోయాము.

సాయంత్రం: గొర్రెల మందతో పాటు

నాలుగున్నరకు తిరిగి మైదానంలోకి వచ్చాము. గొర్రెల మంద ఒకటి ఇంటిదారి పట్టింది. వాటి వీపుల మీద పసలపోలిగాళ్ళు ఎక్కి కూర్చొని, గిట్టలకు లేచిన పురుగులను గాలిలోనే పట్టుకుంటున్నాయి. గొంగళి కప్పుకున్న ముసలి కాపరి మా దగ్గర నిలబడ్డాడు.

"ఏం చూస్తాండారు సామీ ఆ గొట్టంలో?"

"పిల్లిగద్దల్ని తాతా. రాత్రికి ఎక్కడ పడుకుంటాయో తెలుసా?"

"తెలీకేం. పొద్దు మునిగేయాళకు ఆ తట్టున దిగుతాయి. చెట్టెక్కవు, గడ్డిలోనే పండుకుంటాయి. ఈడ చెట్లు పెట్టేస్తే నా గొర్లకూ లేదు, వాటికీ లేదు."

ఆ మాటను నేను అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాను. పిల్లిగద్దలు చలికాలంలో రాత్రిపూట గుంపుగా నేల మీదే, ఎత్తయిన గడ్డి మధ్యలో పడుకుంటాయి. మైదానంలో వరుసగా చెట్లు నాటితే చూడడానికి పచ్చగానే ఉంటుంది గాని వాటికి పడక ఉండదు, లార్కులకు గూటి చోటు ఉండదు, మిడతలు తగ్గుతాయి. మొక్క నాటడం ఎప్పుడూ పుణ్యమేనన్న నమ్మకం మనలో ఎంత గాఢంగా ఉందంటే, గడ్డి కూడా మొక్కేనన్న సంగతి తట్టదు. ఒకప్పటి రెవెన్యూ లెక్కలు గడ్డినేలలను బంజరు పద్దులో రాశాయి. ఆ చూపు ఇంకా పోలేదు. ఇక్కడి ఐదు వేల ఎకరాలకు పైగా గడ్డినేలను సంరక్షణ ప్రాంతంగా ప్రకటించడానికి కర్ణాటక వన్యప్రాణి మండలి 2024లో ఆమోదం తెలపడం అందుకే నాకు ఎంతో సంతోషం కలిగించింది. గొర్రెల కాపరికి ముందునుంచీ తెలిసిన విషయమే చివరికి కాగితాల మీదికి ఎక్కింది.

ముసలాయన చూపించిన వైపు దూరంగానే నిలబడి చూశాము. ఆరు కావస్తుండగా ఒక్కొక్కటిగా నాలుగు గద్దలు వచ్చి, గడ్డి మీద చుట్లు తిరిగి, దిగిపోయాయి. ఒకటి దిగబోయి మళ్ళీ లేచి చోటు మార్చుకుంది. బూడిదరంగు మగది చివర వచ్చింది, దానిని మాత్రం మాంటేగ్యూ అని గట్టిగా చెప్పగలిగాము, ఎందుకంటే రెక్క మీది నల్లని గీత వాలు వెలుతురులో స్పష్టంగా కనబడింది.

నవంబరు 16, ఆదివారం: యలహంక పుట్టేనహళ్ళి చెరువు

రాత్రి యలహంకలోనే ఉండిపోయి, పొద్దున్నే దగ్గరలోని పుట్టేనహళ్ళి చెరువుకు వెళ్ళాము. ఊరి మధ్యలోని చిన్న చెరువు ఇది. 2015లో పక్షుల సంరక్షణ ప్రాంతమైంది. నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి, పాముమెడ పిట్ట ఒకటి చేపను గాలిలోకి ఎగరేసి మింగింది, జమ్ములో నీలి నీటికోళ్ళు తిరుగుతున్నాయి. నడకకు వచ్చినవారు ఆగి మా దుర్భిణి అడిగి చూశారు. ఒక పెద్దాయన మనుమరాలిని ఎత్తుకొని, లకుముకిపిట్ట వాలిన కొమ్మను ఆమెకు చూపించాడు. కంచె ఉంది, బోర్డులున్నాయి, చెత్త వేసేవారిని గదమాయించే మనుషులున్నారు. నీళ్ళూ, వాటి మీద పెద్ద పెద్ద కొంగలూ కంటికి కనబడతాయి గనుక చెరువును కాపాడుకోవాలంటే ఎవరూ ఎందుకని అడగరు. గడ్డినేల విషయంలో ఆ వివరణ ప్రతిసారీ మొదటి నుంచి మొదలుపెట్టవలసి వస్తుంది, అయినా మొదలుపెట్టాలి.

హెసరఘట్టకు వెళ్ళదలచినవారికి ఒక మాట. పక్షులకు తెల్లవారినప్పటి నుంచి ఎనిమిదిన్నర దాకా, సీతాకోకచిలుకలకు తొమ్మిదిన్నర నుంచి పన్నెండు దాకా, పిల్లిగద్దలకు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా సాయంత్రాలు అనుకూలం. తడి గడ్డి కోసం బూట్లు, నీళ్ళు, టోపీ తీసుకువెళ్ళండి. మైదానంలో నీడ దొరకదు. గద్దలు దిగే చోటికి దగ్గరగా పోకండి, టార్చి వేయకండి. అన్నిటికన్నా ముఖ్యంగా కార్లనూ బైకులనూ రోడ్డు మీదే ఆపి నడవండి. లార్కులూ తీతువులూ గుడ్లు పెట్టేది నేల మీదే, ఆ గుడ్లు గులకరాళ్ళ రంగులో ఉండి, చక్రం కిందికి వచ్చేదాకా నడిపేవారికి కనబడవు.